పేపర్లో రేటు వేరు, పట్టీలో రేటు వేరు

మిర్చి రేటు కొంచెం పెరిగిందని పేపర్లో పడితే చాలు, హైదరాబాద్‌లో ఉన్న మా బావ ఫోన్ చేస్తాడు, "ఏం బామ్మర్దీ, ఈసారి మీకు పండగే కదా" అని. ఆయన తప్పేం లేదు పాపం, పేపర్లో హెడ్డింగ్ అట్లనే ఉంటది, ఫలానా మార్కెట్లో క్వింటా పద్నాలుగు వేలు పలికిన మిర్చి అని. కానీ ఆ పద్నాలుగు వేలు ఎవరికి పలికింది, ఎన్ని బస్తాలకి పలికింది అని ఎవరూ రాయరు. నేను ఇవాళ రాసేది దాని గురించే, కొంచెం పెద్దగా అవుతది, ఓపికుంటే చదవండి.

తెలియని వాళ్ల కోసం ముందు జెండా పాట సంగతి చెప్తా. ఖమ్మం, వరంగల్ ఎనుమాముల లాంటి మార్కెట్లలో పొద్దున్నే పని మొదలయ్యేది దాంతోనే. ఆ రోజు యార్డుకొచ్చిన సరుకులో బాగా ఉన్న ఒక రాశి దగ్గర మార్కెట్ కమిటీ వాళ్లు, అడ్తిదారులు (కమిషన్ మీద రైతు సరుకు అమ్మించే షాపులోళ్లు), ఖరీదుదారులు (కొనే వ్యాపారులు), వాళ్ల గుమాస్తాలు అందరూ గుంపుగా నిలబడి పాట పెడతారు. అక్కడ ఆగిన రేటే ఆ రోజుకి జెండా. మైకులో చెప్పేది అదే, వాట్సాప్ గ్రూపుల్లో తిరిగేది అదే, తెల్లారి పేపర్లో వచ్చేది కూడా అదే. ఆ రేటు వచ్చేది మాత్రం ఆ ఒక్క రాశికి, ఇంకా మహా అయితే దానికి ధీటుగా ఉన్న నాలుగైదు లాట్లకి. మిగతా వేల బస్తాలన్నీ దానికంటే వెయ్యి తక్కువ, రెండు వేలు తక్కువ, కొన్నిసార్లు మూడు నాలుగు వేలు తక్కువకి కూడా పోతాయి. రూల్ ప్రకారం తప్పేం జరగలేదు, ఎందుకంటే క్వాలిటీని బట్టి రేటు అంటారు కదా. క్వాలిటీ చెప్పేది ఎవరు అంటే కొనేవాడే.

మా నాయినతో పాటు నేను మార్కెట్‌కి పోతుంటా కాబట్టి ఆ తెల్లారి నుంచి పది గంటల దాకా ఏం జరుగుతదో దగ్గరుండి చూసినోడిని. ఏ మార్కెట్ అనేది ఇక్కడ అక్కర్లేదు, చదివినోళ్లకి మీ మార్కెట్ కూడా ఇట్లనే అనిపిస్తది. రాత్రి బొలెరోలో బస్తాలేసుకొని బయల్దేరితే గేటు దగ్గర చీటీ రాయించుకొని లోపల అడ్తి షాపు ముందు దింపేసరికి అర్ధరాత్రి దాటుతది. షెడ్డులో దింపుదామంటే షెడ్డు నిండా అప్పటికే కొన్న వ్యాపారుల సరుకు ఉంటది, కాబట్టి రైతు సరుకు ఆరుబయటే. రైతు కూడా ఆ బస్తాల మీదే పడుకుంటాడు. ఘాటుకి తుమ్ములు, దోమలు, బాత్రూమ్‌కి పోవాలంటే సరుకు ఎవరికి అప్పజెప్పాలి అనే రంధి. ఆడవాళ్లు వచ్చారనుకోండి, వాళ్ల కష్టం ఇక చెప్పక్కర్లేదు.

తెల్లారినంక జెండా పాట అయిపోతది, అది అయినంక అసలు బేరం మొదలు. ఒక ఖరీదుదారు గుమాస్తాతో వస్తాడు, మనం వరసగా పేర్చిన బస్తాల్లో తనకి నచ్చినదాన్ని, అది కింద ఉన్నా సరే లాగించి, కుట్టు కోయించి రెండు చేతులా కాయ తీస్తాడు. ఒక కాయ తుంచి గింజ చూస్తాడు, గుప్పిట్లో పట్టి పిసికి చూస్తాడు, కాయ గలగలా విరిగితే ఎండింది అన్నట్టు, మెత్తగా వంగితే "నిమ్ముంది" అంటాడు, అంటే తేమ ఉందని. మా నాయిన కల్లంలో వారం పది రోజులు రోజూ కాయ తిప్పి తిప్పి ఎండబోసినా రాత్రి మంచుకి పైపొర కొంచెం మెత్తబడతది కదా, ఆ బస్తానే మనోడు చూసేది. "పన్నెండు రెండొందలు" అని అనేసి పక్కకి జరుగుతాడు. ఇంకో పది నిమిషాలకి ఇంకొకడొస్తాడు, అదే కోసిన బస్తాలో చెయ్యి పెట్టి "పన్నెండు" అంటాడు. మూడో ఆయన అయితే చెయ్యి కూడా పెట్టడు, దూరం నుంచే చూసి "ఎవరన్నా రేటేసిన్రా" అని అడిగి, వేశారని చెప్పగానే తల ఊపి పోతాడు. వాళ్లు పొద్దున చాయ్ తాగేటప్పుడే మాట్లాడుకున్నారా లేదా అనేది నేను చెప్పలేను, నా దగ్గర సాక్ష్యం లేదు. కానీ మొదటి రేటు కంటే రెండో రేటు ఎక్కువ రావడం నాకు తెలిసినంత వరకు చాలా అరుదు, పాట అంటే పెరగాలి కదా మరి, ఇది తగ్గే పాట.

అప్పుడు అడ్తి సేటు వస్తాడు. చాలా మర్యాదగా, "ఇచ్చేయ్ పెద్దాయనా, వచ్చే సోమారం సరుకు ఇంకా ఎక్కువొస్తది, రేటు ఇంకా కిందికే" అంటాడు. మా నాయిన నా మొహం చూస్తాడు, నేను ఫోన్‌లో జెండా రేటు చూపిస్తా, సేటు నవ్వుతాడు. "అది జెండా రా బాబూ" అంటాడు. అంతే, అయిపోయింది. ఇచ్చేస్తాం.

ఎందుకు ఇచ్చేస్తాం? ఈ ప్రశ్నకి జవాబు దొరికితే మార్కెట్ సమస్యలు సగం అర్థమైనట్టే అని నా నమ్మకం. ఆ సరుకుని మళ్లీ బండి ఎక్కించి ఇంటికి తీసుకెళ్లే దారి లేదు కాబట్టి ఇచ్చేస్తాం. తెచ్చిన బండి కిరాయి ఒకటి, దింపిన హమాలీ ఒకటి, మళ్లీ ఎక్కిస్తే ఇంకో హమాలీ ఇంకో కిరాయి, ఇంటికి పోయినంక పెట్టేదెక్కడ, ఊర్లో ఏరిన కూలోళ్లు శనివారం డబ్బులకి వస్తారు, వాళ్లకి ఏం చెప్పాలి. ఇవన్నీ ఒక ఎత్తు, సేటు దగ్గర తెచ్చిన అప్పు ఇంకో ఎత్తు. విత్తనాలప్పుడు, నల్ల తామర పురుగు మందులప్పుడు, కూలీలప్పుడు ఆయనే ఇచ్చాడు, ఫోన్ చేస్తే గంటలో వేశాడు కూడా, అది నిజం. బ్యాంకు అట్ల ఇయ్యదు. కౌలుకి చేసేవాడికైతే పాస్‌బుక్కే లేదు కాబట్టి బ్యాంకు గడప కూడా ఎక్కనీయరు. 2011లో కౌలు రైతులకి లోన్ అర్హత కార్డులిచ్చే చట్టం చేశారు ఉమ్మడి రాష్ట్రంలో, మా మండలంలో ఆ కార్డు పట్టుకొని లోన్ తెచ్చుకున్న మనిషిని నేను చూడలేదు. అప్పిచ్చినోడి షాపు ముందే సరుకు దింపాలి, ఆయన చెప్పినోడికే అమ్మాలి, రాసిన రూల్ ఏం కాదు గానీ అందరికీ తెలిసిన రూలే. అడ్తిదారు రైతు తరఫు మనిషి అని చట్టం ఉద్దేశం, రైతు సరుకుకి మంచి రేటు ఇప్పించినందుకు కమిషన్ తీసుకుంటాడు. కానీ ఆయనకి ఖరీదుదారుతో ఏడాది పొడవునా లావాదేవీ, మాతో ఏడాదికి కొన్ని బస్తాలు. ఎవరి వైపు మొగ్గుతాడో మీరే చెప్పండి.

ఇక రేటు ఒప్పుకున్నాక కూడా కథ అయిపోదు. కాంటా దగ్గర గోనె బస్తా బరువు అని తీస్తారు, సరే అది న్యాయమే, కానీ బస్తా నిజంగా ఎంత తూగుతదో అంతకంటే ఎక్కువ తీస్తారు. మచ్చు కోసం కోసిన బస్తాల్లోంచి తీసిన కాయ వెనక్కి రాదు, ముగ్గురు నలుగురు చూసి పోయేసరికి కింద పడ్డదీ వాళ్లు తీసుకుపోయిందీ కలిసి కిలోల లెక్కే. హమాలీ, దడ్వాయి (తూకం వేసే మనిషి), చాట కూలీ, ఇవన్నీ పట్టీలో, అంటే అమ్మినంక ఇచ్చే లెక్క కాగితంలో కోతలు, వాళ్లు కష్టం చేసుకునేవాళ్లు కాబట్టి వాళ్ల మీద నాకు కోపం లేదు. నాకు కోపం వచ్చేది క్యాష్ కటింగ్ మీద. డబ్బులు ఇవాళే కావాలంటే నూటికి రెండు రూపాయలు కోత, వద్దు పది పదిహేను రోజులాగుతా అంటే కోత లేదు. అంటే నా సరుకు నేను అమ్ముకొని నా డబ్బులు నేను తీసుకోవడానికి నేనే వడ్డీ కట్టాలన్నమాట.

ఒకసారి లెక్కేసి చూడండి. పది క్వింటాళ్ల మిర్చి అనుకుందాం. జెండా 14,000, మనకి పడ్డది 12,200. అక్కడే 18,000 తేడా. తరుగు, మచ్చు కలిపి పన్నెండు కిలోలు పోయిందనుకుంటే ఇంకో పద్నాలుగొందలు పైన. రెండు శాతం కటింగ్ అంటే దగ్గర దగ్గర 2,400. ఇంకా కమిషన్, హమాలీ, బండి కిరాయి వేయలేదు. మా బావ పేపర్ చూసి 1,40,000 వచ్చింది అనుకుంటాడు, ఇంటికొచ్చేది లక్షా పదిహేను లోపే, అందులోంచి సేటు అప్పు పోతది. కూలీల ఏరుడు ఖర్చు, ఎరువులు, మందులు, కౌలు అన్నీ కలిపి మా వైపు ఎకరానికి లక్షన్నర పైన పెట్టుబడి పెట్టే వాళ్లున్నారు మిర్చికి. దిగుబడి బాగుండి పురుగు రాకపోతే సరే, 2021-22లో తామర పురుగు వచ్చినట్టు వస్తే రేటు ఎంతున్నా లాభం లేదు, అమ్మడానికి కాయే ఉండదు.

తెల్ల చీటీ గురించి కూడా చెప్పాలి, దీన్ని మావోళ్లు జీరో దందా అంటారు. మార్కెట్ లెక్క ప్రకారం సరుకు అమ్మితే తక్‌పట్టీ ఇవ్వాలి, దాంట్లో రైతు పేరు, బస్తాలు, తూకం, రేటు, కోతలు అన్నీ ఉండాలి. అట్ల రాస్తే కొన్నవాడు మార్కెట్ ఫీజు కట్టాలి, తెలంగాణలో అది నూటికి రూపాయి. అది ఎగ్గొట్టడానికి పట్టీ లేకుండా ఒక తెల్ల కాగితం మీద పెన్నుతో నాలుగు అంకెలు రాసి చేతిలో పెడతారు. రైతు కూడా డబ్బులు చేతికొచ్చినయి కదా అని జేబులో పెట్టుకొని బస్సెక్కుతాడు. అసలు దెబ్బ తర్వాత తగులుతది. రేటు పడిపోయి గవర్నమెంట్ ఏదన్నా సాయం ప్రకటిస్తే మార్కెట్లో అమ్మినట్టు కాగితం చూపించమంటారు, తెల్ల చీటీ అక్కడ చెల్లదు. రైతు అసలు ఆ ఏడు మిర్చి అమ్మనే లేదన్నట్టు అవుతది రికార్డుల్లో.

సాయం అంటే గుర్తొచ్చింది, మిర్చికి మద్దతు ధర లేదు. చాలా మందికి ఈ సంగతి తెలియదు, అన్ని పంటలకీ ఉంటది అనుకుంటారు. కేంద్రం ప్రతి ఏడు ప్రకటించే మద్దతు ధరల లిస్టులో వడ్లు, పత్తి, మక్కలు, కందులు ఇట్లాంటివి ఉంటాయి గానీ మిర్చి లేదు, పసుపు లేదు, ఉల్లి, టమాటా లేవు. రేటు బాగా కూలిపోయి గొడవలైతే మార్కెట్ ఇంటర్వెన్షన్ స్కీం అని ఒకటి అప్పటికప్పుడు తెస్తారు. 2017లో అదే జరిగింది. అంతకు ముందు ఏడాది రేటు చూసి అందరూ మిర్చే వేశారు, పంట వచ్చేసరికి ధర నాలుగైదు వేలకి, కొన్ని చోట్ల ఇంకా కిందికి పడింది. ఆ ఏప్రిల్ 28న ఖమ్మం యార్డులో రైతులు తిరగబడ్డారు, ఆఫీసులో ఫర్నిచర్ పగిలింది, కాంటాలు పగిలినయి. తర్వాత పది మంది రైతులని అరెస్ట్ చేసి చేతులకి బేడీలేసి కోర్టుకి తీసుకొచ్చారు. ఆ ఫొటో చూడని మనిషి మా వైపు లేడు. మే నెలలో కేంద్రం క్వింటాకి 5,000 చొప్పున కొంటామంది, అప్పటికి చిన్న రైతులు చాలా మంది ఎప్పుడో అమ్ముకున్నారు.

2025లో మళ్లీ అదే సినిమా, ఈసారి గుంటూరు యార్డు వైపు. రేటు పడిపోయింది, లీడర్లు యార్డుకి వచ్చారు, ఒకరినొకరు తిట్టుకున్నారు, ఫిబ్రవరిలో కేంద్రం ఆంధ్రా మిర్చికి క్వింటా 11,781 అని రేటు పెట్టి 2 లక్షల 58 వేల టన్నుల దాకా స్కీం వర్తిస్తది అంది. ఆ ఏడాదే కర్నూలులో ఉల్లి. అక్కడ కూడా రేటు కూలి, కొనేవాడు లేక, రాష్ట్రం క్వింటాకి 1,200 రేటు పెట్టి కొని, చివరికి హెక్టారుకి 50 వేలు సాయం అని ప్రకటించాల్సి వచ్చింది. ఎప్పుడైనా చూడండి, ముందు ధర కూలాలి, తర్వాత రైతు రోడ్డు మీదికి రావాలి, తర్వాత టీవీల్లో రావాలి, అప్పుడు స్కీం. జనవరిలో తొలి కోత వచ్చేటప్పుడే కనీసం ఇంత అని చెప్పి ఉంటే ఎంత బాగుండేది.

మద్దతు ధర ఉన్న పంట సంగతి బాగుందా అంటే అదీ లేదు. నాకు మండలంలో చిన్న జిరాక్స్, ఆన్‌లైన్ సెంటర్ ఉంది, పత్తి సీజన్లో నా కుర్చీ ఖాళీ ఉండదు. ఇప్పుడు సీసీఐకి, అంటే మద్దతు ధరకి పత్తి కొనే కేంద్రం సంస్థకి పత్తి అమ్మాలంటే కపాస్ కిసాన్ యాప్‌లో స్లాట్ బుక్ చేసుకోవాలి. యాప్ ఐడియా చెడ్డది కాదు, లైన్లో రెండు రోజులు బండి పెట్టుకొని ఉండే బాధ తప్పుతది. కానీ నా దగ్గరికొచ్చే పెద్దమనిషికి బటన్ ఫోన్, ఆధార్‌కి లింకైన నంబర్ కొడుకుది, ఆ కొడుకు భివండీలోనో హైదరాబాద్‌లోనో డ్యూటీలో ఉంటాడు, ఓటీపీ కోసం ఆయనకి ఫోన్ చేస్తే లిఫ్ట్ చెయ్యడు. లిఫ్ట్ చేసేసరికి ఆ రోజు స్లాట్లు అయిపోయినయి. కౌలు రైతు అయితే భూమి ఓనర్ ఫోన్, ఓనర్ ఆధార్, డబ్బులు కూడా ఓనర్ అకౌంట్లోనే పడతాయి, అవి చేతికి రావడం ఇంకో ముచ్చట.

స్లాట్ దొరికిందే అనుకోండి, మిల్లు దగ్గర మిషన్ పెట్టి తేమ చూస్తారు. 2025-26కి పొడుగు పింజ పత్తికి 8,110 మద్దతు ధర, అది 8 శాతం తేమ ఉంటేనే, ఆపైన ఒక్కో పాయింటుకి 81 రూపాయలు కోత, 12 దాటితే తీసుకోరు. 2025 అక్టోబర్ చివర్లో మొంథా తుఫాను వచ్చి వరంగల్ చుట్టుపక్కల పత్తి చేలన్నీ తడిసి ముద్దయినయి కదా, ఆ పత్తి 12 లోపు రావాలంటే ఎండ రావాలి, ఆరబోసే చోటుండాలి. లేనోడు అటు నుంచి అటే ప్రైవేటు వాడికి ఆరేడు వేలకి ఇచ్చాడు. దానికి తోడు ఆ సీజన్లోనే ఎకరానికి 12 క్వింటాళ్ల దాకా కొనేది 7కి తగ్గించారు, మిగిలింది ఎవరికి అమ్మాలి? మళ్లీ ఆ ప్రైవేటు వాడికే. వడ్ల సంగతి ఐకేపీ సెంటర్ల (ఊర్లల్లో గవర్నమెంట్ తరఫున వడ్లు కొనే చోట్ల) దగ్గర అందరూ చూసేదే, 17 శాతం తేమ, బస్తాకి రెండు మూడు కిలోలు మిల్లు తరుగు, లారీ రాలేదు, గన్నీలు రాలేదు, అంతలో వాన. దాని గురించి రాయడం మొదలు పెడితే ఇంకో పోస్టు అవుతది.

ఈ-నామ్, అంటే దేశంలో మార్కెట్లన్నీ కలిపే ఆన్‌లైన్ మార్కెట్ వస్తే, వ్యాపారులు కూడబలుక్కొని రేటు వేసే సిండికేట్లు పోతాయన్నారు. 2016 ఏప్రిల్ 14న మొదలు పెట్టారు, ఇప్పుడు దేశంలో వెయ్యికి పైగా మార్కెట్లు అందులో ఉన్నాయి. నిజామాబాద్ పసుపులో దాని పేరు బాగానే వినిపించింది. మిర్చిలో నేను చూసింది వేరే, ఆన్‌లైన్లో టెండర్ అంటారు గానీ ఎక్కడో ఢిల్లీలో కూర్చున్నోడు కాయ చూడకుండా రేటు వేయడు, ల్యాబ్ రిపోర్టుని ఎవడూ నమ్మడు, అందుకే ఇక్కడున్న అదే పది మంది బస్తా కోసి చూసి అదే రేటు ఫోన్‌లో టైప్ చేస్తారు. ముందు నోటితో చెప్పేది ఇప్పుడు వేలితో చెప్తున్నారు.

అట్లని యార్డులే ఎత్తెయ్యాలి అనే వాళ్లతో కూడా నేను ఒప్పుకోను. 2020లో కేంద్రం తెచ్చిన మూడు వ్యవసాయ చట్టాలప్పుడు మా బావే వాదించాడు నాతో, రైతు ఎక్కడైనా అమ్ముకోవచ్చు కదా మంచిదే కదా అని. ఎక్కడైనా అమ్ముకోవాలంటే ఎక్కడికైనా తీసుకెళ్లే డబ్బులుండాలి కదా బావా అన్నా. బీహార్‌లో 2006లోనే మార్కెట్ కమిటీల చట్టం తీసేశారు, అక్కడి రైతుకి బంగారం ఏం కురవలేదు. యార్డు ఉంటే కనీసం తిట్టడానికి ఒక సెక్రటరీ ఉంటాడు, ధర్నా చెయ్యడానికి ఒక గేటు ఉంటది. ఊర్లో కల్లం దగ్గరికొచ్చి కొనే దళారీ రేటు ఏ పేపర్లోనూ రాదు, వాడి కాంటాలో రాయి ఎంత తూగుతదో వాడికే తెలుసు. 1966 నాటి మార్కెట్ల చట్టంలో రైతుకి పనికొచ్చే రూల్స్ చాలానే ఉన్నాయి, లైసెన్స్ లేకుండా కొనొద్దు, ఒప్పుకోని కోతలు కొయ్యొద్దు అని. ఉన్న రూల్ అడిగే మనిషి యార్డులో లేడు, ఎందుకంటే అడగాల్సినోడు అప్పున్నోడు.

నా మట్టుకు నాకు రెండు పనులు జరిగితే చాలనిపిస్తది. ఒకటి, జెండా రేటు ఒక్కటే మైకులో చెప్పడం ఆపాలి. ఆ రోజు ఎక్కువ బస్తాలు ఏ రేటుకి పోయినయో ఆ రేటు చెప్పాలి. ఇదేం కొత్త విషయం కాదు, గవర్నమెంట్ వెబ్‌సైట్లో రోజూ కనిష్ఠం, గరిష్ఠం, మోడల్ ధర (ఎక్కువ సరుకు పోయిన రేటు) అని మూడూ పెడతారు, యార్డులో మైకు పట్టుకున్నోడే చెప్పడు. నేను మా షాపు ముందు బోర్డు మీద ఈ మూడు రేట్లు చాక్‌పీస్‌తో రాస్తున్నా సీజన్లో. ఒక అడ్తి గుమాస్తా ఏదో జిరాక్స్‌కి వచ్చి "ఇవన్నీ రాస్తే రైతులు పరేషాన్ అయితరన్నా, పైది ఒక్కటి రాయి" అన్నాడు. జెండా చూసి ఆశపడి సరుకు తెచ్చేది రైతే, తెచ్చినంక చిక్కేది రైతే, మోడల్ ధర ముందే తెలిస్తే పరేషాన్ అయ్యేది ఎవరో ఆయనకి బాగా తెలుసు.

రెండోది దాచుకునే చోటు, దాని మీద లోను. మార్కెట్ కమిటీ గోదాములో సరుకు పెట్టుకుంటే దాని విలువలో 75 శాతం దాకా లోన్ ఇచ్చే స్కీం ఉమ్మడి రాష్ట్రం నుంచీ ఉంది, దాని పేరు కూడా రైతుబంధే, కేసీఆర్ పెట్టుబడి సాయానికి ఆ పేరు పెట్టక ముందు నుంచీ. వడ్లకీ మక్కలకీ అది పనికొస్తది. మిర్చికి మామూలు గోదాము పనికిరాదు, ఎండలు ముదిరితే రంగు పోతది, రంగు పోతే తాలు (నాసి కాయ) లెక్కన కొంటారు. మిర్చికి ఏసీ కావాలి, కోల్డ్ స్టోరేజీని మేం ఏసీ అనే అంటాం. గుంటూరు, ఖమ్మం, వరంగల్ చుట్టూ ఏసీలు బోలెడున్నాయి, నాకు తెలిసినవన్నీ ప్రైవేటువే, సీజన్లో పోయి అడిగితే ఖాళీ లేదంటారు. ఎవరి సరుకు ఉంది లోపల అంటే, ఫిబ్రవరి మార్చిలో మా దగ్గర పన్నెండు వేలకి కొన్న సరుకే. జూన్ తర్వాత కొత్త కాయ ఉండదు, ఏసీ కాయకి రేటొస్తది, ఆ రేటు కూడా పేపర్లో వస్తది, అప్పుడూ మా బావ ఫోన్ చేస్తాడు.

మార్కెట్ కమిటీలే మిర్చి యార్డుల పక్కన ఒక ఏసీ కట్టి, ముందు చిన్న రైతుల బస్తాలకి చోటిచ్చి, అదే రోజు సరుకు మీద సగం డబ్బులు చేతిలో పెడితే చాలు. కూలోళ్లకి ఇచ్చుకుంటాడు, సేటు వడ్డీ కొంచెం కట్టుకుంటాడు, మిగతాది ఆగి అమ్ముకుంటాడు. మూడో ఖరీదుదారు చెయ్యి పెట్టకుండా పోతే పోనీ అనగలడు. వసూలు చేసే మార్కెట్ ఫీజు ఏటా కోట్లలో ఉంటది, అది రైతు సరుకు మీద వచ్చిందే, అందులోంచి ఇది కట్టలేరా? సీసీ రోడ్లు, ఆర్చీలు, ఆఫీసు బిల్డింగులు అయితే కడుతూనే ఉన్నారు.

అది ఎప్పుడైతదో గానీ ఈ సీజన్లో మా చుట్టుపక్కల ఊర్లవాళ్లకి ఒకటే చెప్తున్నా, తక్‌పట్టీ అడగండి, గొడవైనా సరే అడగండి. పేరు ఆధార్‌లో ఉన్నట్టే రాయించుకోండి, బస్తాల సంఖ్య, నికర తూకం, రేటు ఉన్నాయా చూసుకోండి, కటింగ్ ఎంత తీశారో కూడా రాయమనండి, రాయనంటే ఆ మాటే సెక్రటరీ ముందు అనమనండి. పట్టీ తడిస్తే అంకెలు పోతాయి, సగం మంది అది పొగాకు పొట్లంతో పాటు జేబులో పెట్టుకుంటారు. నా దగ్గరికి తెండి, స్కాన్ చేసి మీ ఫోన్‌కి, మీ పిల్లల ఫోన్‌కి పంపిస్తా, దానికి డబ్బులేం తీసుకోను. ఆదివారం మధ్యాహ్నం వరకే షాపు ఉంటది.